పై అద్దం, కింది అద్దం

రెడ్డిగూడెం,
8 డిసెంబరు 2024.

బాలశౌరి తాతయ్యగారికి షాలోమి వందనాలు.

గుర్తుపట్టారా? కిందటి నెల చింతలపూడి వచ్చి, మా నాన్న ఫోటో నెగెటివ్ ఉందా అని అడిగి, అది దొరక్క మీ పాత కెమెరా చంకలో పెట్టుకుని బస్సెక్కిన పిల్లని. "ఫోన్ చెయ్యకు. గొంతు ఆపరేషన్‌లో మాట పోయింది. ఉత్తరం రాయి" అని పలక మీద రాసి చూపించారు. అందుకే రాస్తున్నాను. ఇంటర్ పరీక్షల తరవాత ఇంత పొడుగు తెలుగు రాయడం ఇదే.

తాతయ్యా, మీ పెట్టె నా మాట వినడం లేదు. నూజివీడులో నేను పనిచేసే జెరాక్స్ షాపులో రోజుకి నలభై పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాను. అన్నీ నొక్కితే పడేవి. దీనికేమో మూత లేపాలి, తల వంచి పైనున్న అద్దంలోకి చూడాలి. నేను కుడికి తిరిగితే అందులో మనుషులు ఎడమకి పారిపోతున్నారు. ముందువైపు రెండు కళ్ళున్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. ఏ కంటితో చూస్తుంది, ఏ కంటితో తీస్తుంది? రీలు ఆన్‌లైన్లో తెప్పించాను గానీ ఎక్కించే ధైర్యం లేదు.

మీరు తీసిన నాన్న ఫోటో సంగతి చెప్పాను కదా. వానలకి గోడ నెమ్మెక్కి ఫోటో పాడైపోయింది. నోరు లేదు, గడ్డం లేదు, చొక్కా తెల్లగా పాలిపోయింది. కళ్ళు మాత్రం మిగిలాయి. నాకు నాలుగేళ్ళప్పుడు నాన్న పోయాడు, తమ్ముడు నవీన్ అప్పటికి అమ్మ కడుపులో ఉన్నాడు. అమ్మ పోయి కూడా రెండేళ్ళయింది. ఆ కళ్ళు తప్ప నాకు నాన్నంటూ ఏమీ తెలీదు. ఊళ్ళో అందరూ నాకు మార్టిన్ కళ్ళే వచ్చాయంటారు. ఇంకొక్కసారి నెగెటివ్ వెతికి చూస్తారా?

మీ
షాలోమి

చింతలపూడి,
16 డిసెంబరు 2024.

అమ్మా షాలోమీ,

'నొక్కితే పడేవి' అన్నావు చూడు, నూజివీడులో నా స్టూడియో ఉన్న రోజుల్లో అయితే ఆ మాటకి నిన్ను మెట్లు కూడా ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు స్టూడియో లేదు, తిట్టడానికి గొంతూ లేదు. బతికిపోయావు.

రీలు నీడలో ఎక్కించు. రీలుకి చుట్టిన కాగితం మీద బాణం గుర్తు రాగానే వెనక తలుపు మూసెయ్యి. వెనకాల చిన్న ఎర్ర కిటికీ ఉంది, అందులో ఒకటో అంకె కనిపించేదాకా పక్కనున్న బొడిపె తిప్పు. పన్నెండే ఫోటోలు. నీ ఫోన్‌లా వెయ్యి తీసి తొమ్మిది వందల తొంభై చెరిపేసే వ్యవహారం కాదు. కింది కంటి పక్కన పుల్ల ఉంది, దాన్ని లాగితే షట్టరు సిద్ధం. రెండో పుల్ల నొక్కితే ఫోటో. తీసిన వెంటనే బొడిపె తిప్పాలి. మర్చిపోతే మనిషి మీద మనిషి పడతాడు.

పెట్టెని ఛాతీకి ఆనించి పట్టుకో. తల వంచు. ఊపిరి బిగబట్టు. ఎదుటివాడికి నీ కళ్ళు కనపడవు, అందుకే వాడు బెదరడు. చావు ఇళ్ళలో ఇది చాలా మర్యాద గల కెమెరా. శవం ముందు ఎలాగూ తల వంచాల్సిందే.

పై కన్ను చూస్తుంది, కింది కన్ను తీస్తుంది. దీని మీద చెప్పాల్సింది ఇంకా ఉంది, ముందు నువ్వో రీలు తగలెయ్యి. ఆర్టీసీ పార్సిల్లో పంపితే కడిగి, ప్రింట్లు వేసి పంపిస్తాను. మాట పోయినా చేతులు బాగానే పనిచేస్తున్నాయి.

నెగెటివ్ మళ్ళీ వెతికాను. చెదలు తినేశాయమ్మా. ఇక అడగొద్దు.

బాలశౌరి

రెడ్డిగూడెం,
20 జనవరి 2025.

తాతయ్యా,

ప్రింట్లు అందాయి. వాటి వెనక మీరు పెన్సిలుతో రాసిన తిట్లూ అందాయి. షాపులో చదివి పడీపడీ నవ్వాను. గోవిందమ్మత్త మీద మేక పడింది, నిజమే, బొడిపె తిప్పడం మర్చిపోయాను. అత్త మాత్రం ఆ ఫోటో నాకే కావాలని పట్టుకుపోయింది.

నవీన్ ఫోటో ఒక్కటే నాకు బాధేసింది. అద్దంలో తల నుంచి నడుం దాకా చక్కగా చూసుకుని తీశాను. వచ్చిందేమో నుదురు తెగిపోయి, కింద లుంగీ ముడి దాకా. నేను చూసిందొకటి, పడిందొకటి. ఎందుకలా?

మరో కబురు. నవీన్‌కి పని దొరికింది. బసవపున్నారావుగారి తోటలో కాపలా. పూత మొదలైంది కదా, కాయ దిగేదాకా నాలుగు నెలలు అక్కడే ఉంటాడు. లేత మామిడి మొక్కల మధ్య మొక్కజొన్న వేశారు, దానికి అడవి పందుల బెడద. నాన్న కాపలా ఉన్నదీ ఆ తోటే. అక్కడి పాకలో వంట చేసుకుంటూ గుండె ఆగి పొయ్యి మీద పడిపోయాడని అమ్మ చెప్పేది. తనెప్పుడూ ఆ తోటకి కూలికి వెళ్ళలేదు. ఎందుకని అడిగితే అక్కడ నీడ లేదనేది. మామిడి తోటలో నీడ లేకపోవడమేంటో! బసవపున్నారావుగారు మాత్రం మమ్మల్ని మర్చిపోలేదు. నా ఇంటర్ చదువు ఆయన చలవే.

షాలోమి

చింతలపూడి,
1 ఫిబ్రవరి 2025.

షాలోమీ,

పై కంటికీ కింది కంటికీ మధ్య రెండంగుళాల ఎడం ఉంది. చెట్టుని తీసినా, చర్చిని తీసినా ఆ రెండంగుళాలు తేడా చెయ్యవు. మనిషికి బాగా దగ్గరగా వెళ్ళినప్పుడు మాత్రం, నువ్వు పై అద్దంలో చూసిన దానికన్నా కిందిది పడుతుంది. తల తెగుతుంది. నువ్వు వద్దనుకున్నది అడుగున వచ్చి కూర్చుంటుంది. అందుకని దగ్గర ఫోటోకి అద్దంలో అంతా చూసుకున్నాక, పెట్టెని రెండంగుళాలు పైకెత్తి అప్పుడు నొక్కాలి. ముప్పై ఏళ్ళు చేతికి అలవాటైన పని ఇది. ఒక్కసారి మర్చిపోయాను.

నవీన్‌ని ఆ తోటలో ఉంచొద్దు. ఇంకెక్కడైనా పని చూసుకోమను. కారణం అడక్కు.

బాలశౌరి

రెడ్డిగూడెం,
11 ఫిబ్రవరి 2025.

తాతయ్యగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కెమెరా గురించి అరపేజీ, నా తమ్ముడి బతుకు గురించి రెండు లైన్లు. నవీన్‌కి చూపిస్తే నవ్వాడు. "ఆ తాతకీ మా ఓనరుకీ పాత తగాదా ఏదో ఉండుంటుందక్కా" అన్నాడు.

వాడు రెండేళ్ళు ఖాళీగా ఉన్నాడు. హైదరాబాదులో డెలివరీ పని చేసి, బండి మీంచి పడి కాలు విరిగి ఇంటికొచ్చాడు. ఇప్పుడిప్పుడే మనిషిలా తిరుగుతున్నాడు. పొద్దున్నే పాక ముందు కూచుని పిచ్చుకల్ని లెక్కపెడుతున్నాడట. అలాంటివాణ్ణి ఏమని పిలుచుకురాను? చింతలపూడిలో ఒక తాత వద్దన్నాడు అనా? కారణం చెప్పకుండా వద్దంటే ఎవరు వింటారు తాతయ్యా? తెలిసింది ఉంటే చెప్పండి. లేకపోతే మమ్మల్ని భయపెట్టకండి.

కోపంగానే రాశాను. మీకు కాక ఇంకెవరికి రాస్తాను.

షాలోమి

చింతలపూడి,
24 ఫిబ్రవరి 2025.

అమ్మా,

నీ కోపం న్యాయమే. ముసలాడి చాదస్తం అనుకో. పందుల కోసం కొందరు తోట చుట్టూ కరెంటు తీగ కడతారు, కాళ్ళకి తగిలేంత ఎత్తులో. అది ప్రమాదం. అక్కడ అలాంటిది ఉందేమో నవీన్‌ని చూసుకోమను. నా భయం అంతే.

రెండో రీలు ప్రింట్లు పంపుతున్నాను. నువ్వు పెట్టెని పైకెత్తడం నేర్చావు. నవీన్ తల ఈసారి పూర్తిగా ఉంది. మంచి నవ్వు వాడిది.

బాలశౌరి

రెడ్డిగూడెం,
14 మార్చి 2025.

తాతయ్యా,

తీగ ఉందట. కానీ స్విచ్ పాకలో, నవీన్ మంచం పక్కనే ఉందట. "వేసేదీ నేనే, తీసేదీ నేనే, నా చేతిలో ఉన్నదానికి నేనెందుకు భయపడతాను" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. మీరు అంత చిన్న విషయానికి అంత దాపరికం చేశారేంటని నవ్వుకున్నాం కూడా.

పిందెలు గోళీలంత అయ్యాయి. చిన్నరసాలు దిగగానే మీకో బుట్ట పంపిస్తానన్నాడు నవీన్. రోజూ మధ్యాహ్నం, సాయంత్రం కారియర్ నేనే కట్టి పంపుతున్నాను. వాడికి నీళ్ళు కాచుకోవడం కూడా రాదు.

షాలోమి

రెడ్డిగూడెం,
23 ఏప్రిల్ 2025.

తాతయ్యా,

నవీన్ పోయాడు. ఈస్టరు మర్నాడు, సోమవారం తెల్లవారుజామున.

కబురు అంది మేం వెళ్ళేసరికి వాణ్ణి పాకలో మంచం మీద పడుకోబెట్టి ఉంచారు. గుండె ఆగి పొయ్యి మీద పడ్డాడు, చెయ్యి కాలింది అన్నారు. అమ్మ నాన్న గురించి చెప్పిన మాటలే, ఒక్కటీ మారలేదు. నేను పాకంతా చూశాను. అక్కడ పొయ్యి లేదు తాతయ్యా. నేను కారియర్ పంపుతున్నప్పుడు పొయ్యెందుకు ఉంటుంది?

అడిగాను. జవాబుగా సాయంత్రానికల్లా సమాధి చెయ్యాలని తొందరపెట్టారు. ఫోన్లు బయటికి తియ్యొద్దని బసవపున్నారావుగారి మనుషులు మా ఇంటి గుమ్మంలోనే చెప్పారు. మా వాళ్ళలో శవపెట్టె మూసేముందు ఫోటో తీసే ఆనవాయితీ ఉంది కాబట్టి నేను మీ కెమెరా తెచ్చాను. దాన్ని చూసి ఎవరూ అడ్డం చెప్పలేదు. పాతకాలపు వస్తువు, ఏం పడుతుందిలే అనుకుని ఉంటారు. పాస్టరుగారు వాడి చేతులు బైబిలు మీద పెట్టారు. కుడి చేతి మణికట్టు మీద అడ్డంగా నల్లటి గీత ఉంది.

బసవపున్నారావుగారు నా పక్కకొచ్చి, "మీ నాన్నకి తీయించినట్టే తియ్యమ్మా, ఛాతీ దాకా. చేతులు పడకుండా" అన్నారు. ఆయనే వంగి పై అద్దంలో చూశారు. అందులో చేతులు లేవు. "ఆఁ, బాగుంది" అన్నారు. మీరు నేర్పిన రెండంగుళాలు నేను పైకి ఎత్తలేదు. ఒకసారి కాదు, ఐదుసార్లు తీశాను. బొడిపె తిప్పడం ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

రీలు ఇందులో ఉంది. కడగండి. కారణం అడక్కు అన్నారు కదా, ఇప్పుడు అడుగుతున్నాను.

షాలోమి

చింతలపూడి,
27 ఏప్రిల్ 2025.

అమ్మా షాలోమీ,

రీలు కడిగాను. ఐదింటిలోనూ చేతులు పడ్డాయి. గీత స్పష్టంగా ఉంది. ఆ నెగెటివ్‌లతో పాటు ఇంకో నెగెటివ్ పంపుతున్నాను. అది మీ నాన్నది. చెదలు తినలేదు. పాతికేళ్ళుగా నా మంచం కింద బిస్కెట్ల డబ్బాలో ఉంది. నీకు అబద్ధం చెప్పాను.

2000వ సంవత్సరం మే నెలలో బసవపున్నారావుగారు స్టూడియోకి జీపు పంపించారు. తోట గట్టు మీదుగా వెళ్ళాం. ఇద్దరు మనుషులు పొట్టి కర్రల నుంచి తీగ విప్పి చుట్టలు చుడుతున్నారు. నా కళ్ళతో చూశాను. మీ ఇంటికెళ్ళేసరికి మీ నాన్నని శవపెట్టెలో పెట్టి, తలవైపు ఎత్తి ఉంచారు. చేతులు బైబిలు మీద. కుడి మణికట్టు మీద నల్లటి గీత. పొయ్యి మీద పడితే గీతలా కాలదని ఫోటోలు కడుక్కునే నాకే అర్థమైంది, మిగతావాళ్ళకి కాలేదంటే నేను నమ్మను. అయినా ఎవరూ నోరెత్తలేదు. మీ అమ్మ భాగ్యవతి నిండు చూలాలు, గోడకి ఆనుకుని ఆ చెయ్యే చూస్తోంది.

"ఛాతీ దాకా తియ్యి బాలశౌరీ, చేతులు పడకుండా" అన్నారాయన. వంగి పై అద్దంలో చూసి సరే అన్నారు. నా స్టూడియో ఉన్న గది ఆయనదే. తల ఊపి తీశాను. పెట్టెని పైకెత్తడం మర్చిపోయాను. కడిగాక చూస్తే చెయ్యి, గీతతో సహా పడింది. ధైర్యం చేసి తీసిన ఫోటో అని చెప్పుకుంటే బాగుండేది. కాదు, పొరపాటున పడింది. ప్రింటు వేసేటప్పుడు ఆ భాగం తీసేసి మీ అమ్మకి ఇచ్చాను. నెగెటివ్ పారెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మీ నాన్న బతికుండగా ఫోటో దిగలేదు. గోడకి పెట్టుకునే ఫోటోలో కళ్ళు మూసి ఉంటే పిల్లలు భయపడతారని మీ అమ్మ బతిమాలింది. అలాంటప్పుడు ప్రింటు మీద సన్న కుంచెతో కళ్ళు గీసేవాళ్ళం. మార్టిన్ కళ్ళు తెరిచి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు శవపెట్టె పక్కన గౌను వేసుకుని ఒక నాలుగేళ్ళ పిల్ల నిలబడి, రెప్ప వెయ్యకుండా నా కెమెరాకేసి చూసింది. ఆ కళ్ళు గుర్తుపెట్టుకుని గీశాను. మీ గోడ మీదున్నవి నీ కళ్ళేనమ్మా. వాన నెమ్ముకి అవి మాత్రం మిగిలాయన్నావు. అవి ఫోటో కాదు, నేను పూసిన రంగు. అందుకే మిగిలాయి.

ఫిబ్రవరిలో నువ్వు కారణం అడిగినప్పుడు ఈ ఉత్తరం రాయాల్సింది. రాసి చింపేశాను. తీగ సంగతి మాత్రం రాసి, చెప్పవలసింది చెప్పేశానని నన్ను నేను నమ్మించుకున్నాను. మీ నాన్న ఆ తీగకే పోయాడని రాసి ఉంటే నవీన్ ఆ రోజే ఇంటికొచ్చేవాడు. గొంతున్న ఇరవై రెండేళ్ళు గది పోతుందని ఊరుకున్నాను, గొంతు పోయాక మాట లేదని ఊరుకున్నాను. నీ తమ్ముడు నా వల్ల పోయాడు.

బాలశౌరి

రెడ్డిగూడెం,
4 మే 2025.

బాలశౌరిగారికి,

నాన్న నెగెటివ్, నవీన్‌వాటిలో ఒకటి షాపులో స్కాన్ చేసి, పక్కపక్కన పెట్టి ప్రింటు తీశాను. నాన్న మణికట్టు, నవీన్ మణికట్టు. ఎవరిదేదో నాకే ఒక్క నిమిషం తెలీలేదు. షాపు షట్టరు సగం దించి కింద కూచుని ఏడ్చాను.

ఆ తోటకి కూలికి వెళ్ళే గోవిందమ్మత్త నిన్న నోరు విప్పింది. స్విచ్ పాకలో ఒక్కటే కాదట, మోటారు గదిలో ఇంకొకటి ఉందట. నవీన్ పాకలో స్విచ్ తీసేసి, తెగిన తీగ సరిచేద్దామని వెళ్ళాడు. అదే సమయానికి అక్కడెవరో వేశారు. వాడి చేతిలోనే ఉందనుకున్నాం.

ఇన్నేళ్ళూ పరీక్షకి వెళ్తూ, పనికి వెళ్తూ నాన్నకి చెప్పి వెళ్తున్నానని ఆ గోడ ముందు నిలబడ్డాను. అమ్మ పోయిన రోజు ఆ కళ్ళతోనే మాట్లాడాను. నాతో నేనే మాట్లాడుకున్నానన్నమాట. నవీన్ ఫోటో కూడా గోడకి పెట్టాను. కళ్ళు మూసే ఉన్నాయి, చేతులున్నాయి. గీయిస్తామని ఇద్దరు ముగ్గురు అన్నారు. వద్దన్నాను.

స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను, తీసుకున్నారు. సమాధి తవ్వి పరీక్ష చేయిస్తామన్నారు. నాన్న ఫోటో చూసి, ఇది ఎప్పటిది, ఎవరు తీశారు, ఆ రోజు తీగ చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఊళ్ళో ఎవరూ రారు. నాకు తెలుసు.

మిమ్మల్ని క్షమించానని రాయలేను. చేతకావడం లేదు. మాట పోయిందని మాత్రం ఇక నాతో అనొద్దు. ఐదు నెలలుగా నాకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. అదంతా ఒక కాగితం మీద రాయండి, తారీకులతో, మీ సంతకంతో. రాసి మీరే తీసుకురండి.

షాలోమి

చింతలపూడి,
8 మే 2025.

అమ్మా షాలోమీ,

రాశాను. నాలుగు పేజీలయింది. జీపు, గట్టు, తీగ చుడుతున్న ఇద్దరి పేర్లు, బసవపున్నారావుగారు అన్న మాట, నేను ఊపిన తల, అన్నీ ఉన్నాయి. ప్రతి పేజీ కింద సంతకం పెట్టాను.

సోమవారం పొద్దున ఎనిమిదింటి బస్సుకి బయల్దేరి నూజివీడు బస్టాండులో దిగుతాను. కెమెరా తెచ్చుకో, రీలు ఎక్కించి ఉంచు. స్టేషన్‌కి వెళ్ళేముందు, ఆ కాగితాలు పట్టుకుని నిలబడతాను, నన్నొక ఫోటో తియ్యి. నేను పిరికివాణ్ణి. దారిలో ఎవరైనా ఎదురై ఒక మాటంటే వెనక్కి తిరిగినా తిరుగుతాను. నీ దగ్గర ఆ ఫోటో ఉందని తెలిస్తే తిరగను.

బాగా దగ్గరికొచ్చి తియ్యమ్మా. పెట్టెని పైకి ఎత్తకు. తల తెగినా ఫరవాలేదు, చేతులు పడాలి.

బాలశౌరి